మెచ్చుకున్న ఏడుపు

“జరగండమ్మా, కోడలొచ్చింది” అన్నారెవరో.

అంతే, వసారాలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు. హనుమంతమ్మ శవం చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు ఏడుపు ఆపి మరీ చూశారు. ఆ అత్తాకోడళ్ళకు రెండేళ్ళుగా మాటల్లేవని కనగానపల్లిలో తెలియనివాళ్ళు లేరు. కోడలు ఏడుస్తుందా, ఏడవదా? సగం మంది అది చూడడానికే కూర్చున్నట్టున్నారు.

స్వప్న వచ్చి అత్త కాళ్ళ దగ్గర కూలబడింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. చెంపలు తడిశాయి, చెంగు తడిసింది. తుడుచుకునే కొద్దీ ఇంకా వచ్చాయి.

“కండ్లు చూడు, చింతనిప్పులైనాయి” అంది ఈరక్క. “హిందూపురం నుంచి దారంతా ఏడ్చుకుంటానే వచ్చినట్టుండాది.”

“పాపం, ఏదీ మనసులో పెట్టుకోల్యా పిల్ల” అంది శారదమ్మ. “కడుపున పుట్టిన కూతురు గూడా ఇంత ఏడ్వల్యా.”

ఎదురుగా కూర్చున్న ఆడబిడ్డ తల దించుకుంది. అది చూసి స్వప్నకు ప్రాణం చచ్చిపోయింది.

ఎందుకంటే స్వప్న ఏడవడం లేదు.

ఆమె కళ్ళలో లెన్సులున్నాయి. నిన్న పొద్దున బట్టల షోరూంకు డ్యూటీకి పోతూ పెట్టుకున్నవి. అలసిపోయి వాటితోనే నిద్రపోయింది. తెల్లారుతూనే ‘అమ్మ పోయింది’ అని భర్త మనోజ్ ఫోన్ చేస్తే, ఉన్నపళంగా బస్సెక్కింది. పెనుకొండ దాటేసరికి కళ్ళలో ఇసుక పోసినట్టయింది. ధర్మవరంలో ఆటో ఎక్కితే దుమ్ము. ఇక్కడికొస్తే సాంబ్రాణి పొగ. పడుకునేముందు తీసేయాలి, సబ్బుతో చేతులు కడుక్కుని ఆరాకే తాకాలి అని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. వింటేగా.

మనోజ్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

“ఊరుకో స్వప్నా. అమ్మ కోసం నువ్వింత ఏడుస్తావని నేననుకోల్యా. నిన్ను తప్పుగా అనుకుంటి.”

ఇక ఆమె వల్ల కాలేదు. అందరూ జాలిగా చూస్తుంటే లేచి, గోడ పట్టుకుని పెరట్లోకి నడిచింది.

తొట్టి దగ్గర సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. చేతులు ఎండలో ఆరబెట్టుకుంటూ నిలబడింది. అత్త చచ్చిపోయి పడుంటే తను పెరట్లో కళ్ళు బాగుచేసుకుంటోంది. ఒక్క నిజమైన కన్నీటి చుక్క రాలేదు, ఊరంతా మెచ్చుకుంటోంది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకుంది. ఒక్కో లెన్సూ మెల్లగా తీసింది. మంట కాస్త తగ్గింది. కానీ ఎదురుగా ఉన్న గోడ కూడా మసకగా అయిపోయింది.

“తీసేసినావా?”

స్వప్న ఉలిక్కిపడి గుప్పిట మూసింది. మనిషి కనబడలేదు గానీ గొంతు తెలిసింది. పక్కింటి గంగక్క. అత్తకు ప్రాణస్నేహితురాలు.

“అత్తా, ఎవరికీ చెప్పొద్దు” అంది స్వప్న. “నేను ఏడ్చింది...”

“ఏడ్వలేదని నాకు తెలుసు. నువ్వు గడప తొక్కినప్పుడే కనుక్కుంటి.”

గంగక్క చెంగుముడి విప్పి, గుడ్డలో చుట్టిన దాన్ని స్వప్న చేతిలో పెట్టింది. తడిమి చూస్తే కళ్ళద్దాలు. స్వప్నవే. పెళ్ళయిన కొత్తలో పదిమందిలో ‘అద్దాల కోడలు’ అని అత్త నవ్వితే, తను ఆమె ముందే నేలకేసి కొట్టి వెళ్ళిపోయిన అద్దాలు. విరిగిన కాడకు పట్టుదారం గట్టిగా చుట్టి ఉంది.

“దారం చుట్టింది ఆయమ్మే” అంది గంగక్క. “పోయినేడు కంటి ఆపరేషన్‌కు నేనే తోడు పోయింటి. డాక్టర్ను తన కంటి సంగతి ఒక్క మాట అడగల్యా. ‘మా కోడలు కండ్లల్లో అవేవో పెట్టుకుంటాది, ఏమీ కాదు గదా సార్’ అని అదే అడగడం. పెట్టుకోని నిద్రపోతే కంటికే మోసమని ఆయప్ప చెప్పినాడు. ఆ పొద్దునుంచీ దిగులే.”

“మరి నాకు ఒక్క ఫోనన్నా చెయ్యలేదే?” అంది స్వప్న.

“ఎట్ల చేస్తాది? నోరు జారింది తను గదా. సిగ్గు.”

స్వప్న అద్దాలు పెట్టుకుంది. గంగక్క ముఖం స్పష్టంగా కనబడింది. ఆ ముసలి కళ్ళు తడిగా ఉన్నాయి.

“మొన్న మాట పడిపోకముందు ఇవి నా చేతికిచ్చి ఏమనిందో తెలుసునా పాపా? ‘నేను పోయినానంటే పిల్ల అట్లే పరిగెత్తుకోని వస్తాది గంగక్కా. ముందు దాని కండ్లల్లోవి తీపిచ్చి, ఇవి పెట్టించు. ఆ తర్వాతే ఏడ్వమను.’”