తేడా సున్నా

"తేడా సున్నాకొచ్చేసింది తమ్ముడూ! ఇక పంపులు ఆపేయొచ్చని రాసెయ్," అంటూ ల్యాబ్ అక్క నా ముందు టీ పెట్టింది.

మూతపడ్డ రసాయనాల ఫ్యాక్టరీ కింద విషమెక్కిన నీళ్లను తోడి శుభ్రం చేసే ప్రణాళికను ఇద్దరం సవరిస్తున్నాం. లోపలి విషపు బోరుకీ, గేటు బయటి మంచినీళ్ల బోరుకీ తేడా ఎంతో చూడటమే మొదటి నుంచీ మా లెక్క.

"రెండిటి అంకెలూ విడివిడిగా చూపించక్కా."

"తేడాయే లేనప్పుడు ఇంకేం చూస్తావు? ఉత్త అనుమానప్పక్షివి!"

నవ్వుతూనే స్క్రీన్ నా వైపు తిప్పింది. మరుక్షణం ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు.

విషపు బోరులో విషం ఇసుమంతైనా తగ్గలేదు. మంచినీళ్ల బోరులోనే అంత విషం పెరిగింది.

నేను టీ కప్పు దూరంగా నెట్టేశాను. ఇంత మంచి నీళ్లు ఊళ్లో దొరకవని, రోజూ ఇంటికెళ్తూ ఇద్దరం ఆ బోరు దగ్గరే క్యాన్లు నింపుకుంటాం.

అక్క అప్పటికే కూతురికి ఫోన్ కలిపింది. "పాపకి పాలపొడి కలపకే! ఆ నీళ్లు ముట్టుకోకు!"

"ష్... మెల్లగా అమ్మా! సీసా మొత్తం తాగేసి ఇప్పుడే హాయిగా పడుకుంది."