పీటల పైన ఖాళీ

“ఏమ్మా, యాడికి ఎక్కుతాండావు? దిగు.”

పెండ్లి అరుగు మీద కాలు పెట్టబోయిన ఆమె ఆగిపోయింది. చేతి బుట్టలో కాకడా మొగ్గల మాల.

గోపన్న నిచ్చెన మీద నుంచే ఎగాదిగా చూశాడు. తెల్లచీర. నుదుట బొట్టు లేదు. చేతులకు గాజులు లేవు.

ఏండ్ల తరబడి ప్లాస్టిక్ పూలు తగిలించి బతికిన మనిషి గోపన్న. పెండ్లికూతురు హేమావతి పట్టుబట్టి కట్టించుకున్న పచ్చిపూల పందిరి ఇది. తంగేడు కొమ్మలు, జొన్న కంకులు, వెదురు తడికెలు. ఎర్రగుంట్లలో ఇట్లాంటిది ఎవరూ కట్టలేదు. దీంతోనన్నా నాలుగూళ్లలో పేరొస్తుందని ఆశ.

పీటల పైన మాత్రం మూరెడు ఖాళీ.

“ఆడ నువ్వు ఏమీ కట్టొద్దన్నా. ఒకామె మాల తెస్తాది. ఆమె చేత్తోనే కట్టల్ల” అని హేమావతి ముందే చెప్పింది.

“ఈ మాల కట్టి పోతా నాయనా” అంది బుట్ట పట్టుకున్నామె.

“బుట్ట ఈడ పెట్టి పో. కట్టేదానికి పెండ్లికూతురు చెప్పిన ముత్తైదువ వస్తాదిలే.”

“నన్నే కట్టమని...”

“బొట్టు లేని మనిషివి, పెండ్లిపీటల కాడికి వస్తావా? పెద్దదానివి, నేను చెప్పల్లనా నీకు?”

“బాగా అడిగినావప్పా” అంది పక్కనే అక్షింతలు కలుపుతున్న పెండ్లికొడుకు తరపు నాగలక్ష్మమ్మ.

మాల తెచ్చినామె బుట్ట కింద పెట్టింది.

“మంచి పొద్దు, గలాటా వద్దులే. మాల మీద తడిగుడ్డ కప్పు నాయనా, వాడిపోతాది.”

వాకిట్లో ఆటో దగ్గర నిలబడిన ముసలాయన చేయి అందిస్తే ఎక్కి వెళ్లిపోయింది.

గోపన్న తడిగుడ్డ కప్పలేదు.

ముహూర్తం దగ్గర పడింది. హేమావతి వచ్చి పైకి చూసింది. తర్వాత బుట్టను చూసింది.

“మాల ఈడుంది. విశ్వాసమ్మ యాడన్నా?”

గోపన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. “బొట్టు లేకపోతే... మొగుడు పోయినామె అనుకొని పంపించేస్తినమ్మా.”

“వాళ్లు ప్రభువును నమ్ముకున్నోళ్లన్నా, బొట్టు పెట్టుకోరు. ఆటోలో తోడొస్తానన్నది ఆమె మొగుడే.”

చేయి అందించిన ముసలాయన గోపన్న కళ్ల ముందు మెదిలాడు. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాకా ఉరికాడు. సిమెంటు లారీల దుమ్ము తప్ప ఆటో లేదు.

తిరిగొచ్చేసరికి హేమావతి చేతిలో ఫోను.

“రమ్మంటే రానంటాంది. నువ్వు పోయి పీటల మీద కూచో, ముహూర్తం దాటిపోతాదంటాంది.”

గోపన్న వాడిన మాల చేతిలోకి తీసుకున్నాడు. తల ఎత్తలేదు. “నేను కట్టేదామ్మా?”

“వద్దన్నా. ఖాళీగానే ఉండనీ.”

పురోహితుడు తొందరపెడుతున్నాడు. హేమావతి పీట మీద కూర్చుని, ఆ ఖాళీ వైపే చూస్తూ మెల్లగా అంది.

“నన్ను కన్నామె పురిట్లోనే పోతే, ఒక రొమ్ము తన బిడ్డకు, ఒక రొమ్ము నాకు ఇచ్చి సాకింది ఆయమ్మేనన్నా.”