రెండో కాలేజీ

“ఇంకెక్కడైనా చూస్తున్నారా?” అని అడిగింది కాలేజీ పరుగుల జట్టు కోచ్ వోల్మర్.

టేటమ్ అమ్మ వైపు చూసింది. జవాబు పక్కనే కూర్చున్న తల్లి డార్సీ చెప్పింది.

“ఒకటి చూశాం. ఐదు గంటల దూరం. వాళ్లే ఫోన్ చేస్తామన్నారు. ఎందుకో మరి, చెయ్యలేదు.”

టేటమ్ తలవంచుకుని తన బూట్ల వైపు చూసుకుంది. వాళ్లు ఫోన్ చేశారు. గురువారం పొద్దున, అమ్మ స్నానానికి వెళ్లినప్పుడు వంటింటి బల్ల మీద ఫోన్ మోగింది. ఎత్తింది టేటమే. “థాంక్సండీ. మేం ఇంటికి దగ్గర్లో ఉన్న కాలేజీ ఖాయం చేసుకున్నాం” అని చెప్పి పెట్టేసింది. అమ్మ తల తుడుచుకుంటూ వచ్చి “ఎవరే?” అంటే, “రాంగ్ నంబర్” అంది.

అప్పటి నుంచి ఫోన్ ఎప్పుడు మోగినా ముందు తనే పరుగెత్తి ఎత్తుతోంది.

ఇదీ అదీ రెండూ చిన్న కాలేజీలే. పెద్ద యూనివర్సిటీలో పరుగు సాధన వేళా, కెమిస్ట్రీ ల్యాబ్ వేళా ఒకదాని మీద ఒకటి పడతాయి. పరుగు కావాలంటే పళ్ల డాక్టరు చదువు ఆశ వదులుకోవాలి. అందుకే తల్లీకూతుళ్లు చిన్నవాటినే వెతికారు. దూరాన ఉన్నదానికో సుగుణం ఉంది. అక్కడ మూడేళ్లు చదివితే నాలుగో ఏడు నేరుగా డెంటల్ కాలేజీలోకే. ఏడాది కలిసొస్తుంది.

కానీ ఇంట్లో ఉండేది ఇద్దరే. ఆ దూరందే ఖాయమైతే ఒకరు అక్కడా, ఒకరు ఇక్కడా. ఆ ఆలోచన వచ్చిన రోజు నుంచి టేటమ్‌కి తిండి సహించలేదు.

“మా దగ్గర ల్యాబ్ మంగళవారం మధ్యాహ్నం. ఆ రోజు పరుగు తెల్లారే పెట్టుకుంటాం” అంది కోచ్. “మంచు పడుతున్నా సరే. తిట్టుకుంటూ వస్తారనుకోండి, కానీ వస్తారు.”

తర్వాత ప్రొఫెసర్ అబర్నాతీ దగ్గరికి తీసుకెళ్లింది. దంతవైద్యానికి వెళ్లేవాళ్ల బాగోగులు చూసేది ఆ ముసలాయనే.

“ఈ ఏడు ఐదుగురే ఉన్నారు. ఎవరికి జలుబు చేసినా నాకు తెలిసిపోతుంది” అన్నాడాయన.

“పోటీకి వెళ్లే రోజే పరీక్ష పడితే?” అడిగింది డార్సీ.

“బస్సులోనే రాయిస్తాం. కోచ్‌ని కాపలా పెడతాం. ఆవిడకి కెమిస్ట్రీ ఒక్క ముక్క రాదు కాబట్టి జవాబులు చెప్పేస్తుందన్న భయం లేదు.”

డార్సీ పగలబడి నవ్వింది. అమ్మ అలా నవ్వి ఎన్నాళ్లయిందో! టేటమ్‌కి ఆ నవ్వు కూడా గుచ్చుకుంది. తన కోసం అమ్మ వదులుకున్నవి ఒకటా రెండా? అలాంటి మనిషికి తనిచ్చిన బహుమానం అబద్ధం.

మధ్యాహ్నం కాలేజీ భోజనశాలలో బంగాళదుంపలు పరిచి ఓవెన్‌లో వండిన హాట్‌డిష్ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నారు. బయట జట్టు మైదానం చుట్టూ పరుగెడుతోంది. డార్సీ తల తిప్పకుండా వాళ్లనే చూస్తోంది.

“ఆ దూరం కాలేజీ వాళ్లకి మన పరుగు ఆనలేదేమోలే” అంది ఉన్నట్టుండి. “పోనీ. బాధేం లేదు.”

బాధ ఉంది. గొంతులోనే తెలుస్తోంది. టేటమ్ ఇక ఓర్చుకోలేకపోయింది.

“వాళ్లు ఫోన్ చేశారమ్మా. నేనే వద్దని చెప్పేశాను.”

డార్సీ చేతిలోని ఫోర్కు కింద పెట్టింది.

“ఎప్పుడు?”

“గురువారం. రాంగ్ నంబర్ అన్నానే, అప్పుడు.”

“ఒక్క మాట నాతో అనొచ్చుగా?”

“అంటే అక్కడే ఖాయం చేస్తావని భయమేసింది.”

“అక్కడైతే ఏడాది కలిసొస్తుందని నీకు తెలుసా, తెలీదా?”

“తెలుసు.”

“తెలిసే చేశావన్నమాట.”

డార్సీ లేచి, ఫోన్ పట్టుకుని బయటికి నడిచింది. కిటికీ అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. ఏదో అడిగింది, విన్నది, తలాడించింది. ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు అక్కడే నిలబడిపోయింది.

తిరిగొచ్చి కూర్చుంది.

“ఆ చోటు నిన్ననే ఇంకొకళ్లకి ఇచ్చేశారట.”

టేటమ్ కళ్లు నిండిపోయాయి. “అమ్మా, నేను...”

“ఏడవకు. నలుగురూ చూస్తున్నారు” అంది డార్సీ. “నాకు కోపంగా ఉంది. సాయంత్రం దాకా ఉంటుంది. రేపు కూడా ఉండొచ్చు. ఉండనీ. ముందు నువ్వు తిను, చల్లారిపోతోంది.”

ఇద్దరూ తిన్నారు. ప్లేటు పక్కకి జరిపి డార్సీయే అడిగింది.

“ఈ కాలేజీ నీకు నిజంగా నచ్చిందా? లేక ఇంటికి దగ్గరనా?”

“దగ్గరనే” అంది టేటమ్. ఇక అబద్ధం ఆడే ఓపిక లేదు.

“నాకు మాత్రం నచ్చింది. ఆ ముసలాయన ఉన్నాడు చూడు, ఆయన నచ్చాడు” అని నిట్టూర్చింది డార్సీ. “సరే, పద. కోచ్‌కి చెప్పేద్దాం.”

ఇక్కడే చేరడం ఖాయమన్న మాట విని కోచ్ వోల్మర్ ముఖం విప్పారింది. బీరువా తెరిచి నీలం జెర్సీ ఒకటి తీసింది. “కొత్తగా చేరేవాళ్లకి మొదట ఇచ్చేది ఇదే. కొలత సరిపోతుందేమో చూడండి” అంటూ చాచింది.

టేటమ్ ఆ జెర్సీ అందుకుని, మడత విప్పి, ముప్పై ఆరేళ్ల వయసులో ఫస్టియర్‌లో చేరబోతున్న తన తల్లి భుజాలకు ఆనించి చూసింది.