ఫోనులో పెరడు

ఫోనులో పెరడు పచ్చగా ఉంది.

సత్యకుమారి దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూసింది. నాపరాళ్లు పరిచిన సన్నటి దారి. దారికి అటూ ఇటూ నందివర్ధనాలు. గోడ మీదకి పాకిన మల్లెతీగ. మూలన ఒక కర్ర బల్ల, దాని పైన దండలా వేలాడే చిన్న చిన్న దీపాలు. పొద్దున తీసిన ఫొటో పెట్టి, ‘మా పెరటిని ఈ కాలానికి తగ్గట్టు మార్చి చూపించు’ అని తెలుగులోనే అడిగితే ఏఐ క్షణాల్లో గీసిచ్చిన బొమ్మ అది.

తలెత్తి చూస్తే ఎదురుగా అసలు పెరడు. మొవ్వు వాడిన కొబ్బరిచెట్టు. ఎండిపోయిన కరివేప మోడు. నేల మీద ముగ్గు ఒలికినట్టు తెల్లగా పేరుకున్న ఉప్పు.

ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఆ పెరడు వీధి మొత్తానికీ కూర పెట్టేది. అమలాపురం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఆ ఊళ్లో, సత్యకుమారి ఇంటి మునక్కాడలు తినని ఇల్లు లేదు. తర్వాత ఇంటి వెనక వరిచేను ఉప్పునీటి రొయ్యల చెరువైంది. ముందు నూతినీళ్లు ఉప్పనయ్యాయి. ఆ వెనకే మల్లెపొద పోయింది. ఇక ఒకటొకటిగా అన్నీ పోయాయి. వీధివాళ్లు ఫిర్యాదు చేస్తే అధికారులు వచ్చారు. గట్టు మీద కాసేపు నిలబడి, సత్యకుమారి ఇచ్చిన కాఫీ తాగి, చూస్తామని చెప్పి వెళ్లారు. మళ్లీ రాలేదు.

ఈ బొమ్మ చూశాక ఆమెకి ప్రాణం లేచొచ్చింది. పెద్దాపురం వైపు మెట్ట నుంచి ఎర్రమట్టి తోలించింది. కడియం నర్సరీలకి తనే వెళ్లి మొక్కలు ఏరి తెచ్చుకుంది. ఏఐ చెప్పినట్టే మడులు ఎత్తుగా కట్టించి, అడుగున మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిపించింది. బొమ్మలో ఏ మొక్క ఎక్కడుందో ఆ చోటే చూసి నాటింది.

పక్కింటి నూకరత్నం గోడ అవతల నిలబడి ఇదంతా చూస్తోంది. ఆవిడ కొబ్బరిచెట్లూ కాపు మానేశాయి. తాగే నీళ్లకి ఈ వయసులో బిందె పట్టుకుని వీధి చివరి కుళాయి దాకా నడుస్తోంది. సత్యకుమారి ఆవిడకి ఫోను చూపించి, పూలు పూస్తే మొదటి దోసెడు మీకేనండి పిన్నిగారూ అంది.

“ఫోనులో మొక్కలకి ఉప్పునీళ్లు తగలవు కదమ్మా” అంది నూకరత్నం.

చాలాకాలానికి ఆవిడ సత్యకుమారితో అన్న మాట అదొక్కటే. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

వానలు వెనకబట్టేసరికి ఆకుల అంచులు మాడటం మొదలైంది. ఫొటోలు తీసి పంపితే ఏఐ ఉప్పేనంది. జిప్సం చల్లమంది. చల్లింది. వాననీళ్లు పట్టి పొయ్యమంది. పట్టిన నీళ్లు ఎన్నాళ్లొస్తాయి? పోనీ ఉప్పుకి తట్టుకునే గన్నేరూ కాగితంపూలూ పెట్టి చూడమంది. పెట్టింది. గన్నేరు కొన్నాళ్లు మొండికేసి నిలబడింది. ఆఖరికి అదీ తలవంచేసింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర మొగుణ్ణి అడిగింది.

“ఏవండీ, ఆ చెరువు పూడ్చేస్తే నేల మళ్లీ మామూలవుతుందంటారా?”

గంగాధర్ తల ఎత్తలేదు. “పూడ్చేదెవరు సత్యా? దాని మీద ఎంతమంది బతుకుతున్నారో నీకు తెలీదా?”

కలిపిన అన్నం కలిపినట్టే వదిలేసి లేచిపోయాడు. మర్నాడు ఏదో పనుందని రాజమండ్రి వెళ్లాడు.

పొద్దుటినుంచీ మబ్బుగానే ఉంది. సాయంత్రం సత్యకుమారి పెరటిమెట్ల మీద కూర్చుని ఏఐని మళ్లీ అడిగింది. ఈసారి ప్లాస్టిక్ గడ్డి పరిచి, గోడకి ప్లాస్టిక్ తీగలు పాకించిన బొమ్మ గీసిచ్చింది. అచ్చం నిజంలాగే ఉంది. నీళ్లక్కర్లేదు, మట్టితో పనిలేదు, ఏనాటికీ వాడిపోదు. వాసన లేని ఆ మల్లెల్ని ఆమె చాలాసేపు చూసింది. ఇంక దాపరికం ఎందుకని, వెనక రొయ్యల చెరువుందని రాసి, నిజం మొక్క ఒక్కటైనా బతికే దారి చెప్పమంది.

‘ఉప్పు వచ్చే చోటు ఆగకుండా ఏ మొక్కా నిలవడం కష్టం. ఆ చెరువు యజమానితో మాట్లాడారా?’

‘రోజూ మాట్లాడుతున్నాను. వేరే దారి లేదంటారు’ అని రాసింది సత్యకుమారి.

అప్పుడే కరెంటు పోయింది.

గోడ వెనక చెరువులో అదేపనిగా నీళ్లు చిలికే ఏరేటర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం. నీళ్లకి గాలి అందకపోతే రొయ్య ఎంతోసేపు బతకదు. అందులోనూ మబ్బురోజు నీళ్లలో ప్రాణవాయువు ఇంకా తక్కువ. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. నూకరత్నం కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇద్దరి చూపులూ గోడ మీదుగా కలిశాయి. ఇంకాసేపు, ఇంకొక్క కాస్సేపు ఇలాగే ఉంటే చాలు, ఈ చెరువు పీడ విరగడైపోతుందని ఆవిడ కళ్లు అంటున్నాయి.

మరుక్షణం సత్యకుమారి ఫోను మెట్ల మీద పడేసి, కుచ్చెళ్లు ఎగదోపుకుని, వెనక తలుపు తీసుకుని, గంగాధర్ ఊళ్లో లేనప్పుడు ఎప్పుడూ చేసినట్టే, జనరేటరు వేసి తమ రొయ్యల్ని బతికించుకోవడానికి పరుగెత్తింది.