కట్టు మార్చే చెయ్యి

కాలిన గాయాల వార్డులో ప్రతి మంచమూ కొత్త సిస్టరే కట్టు మార్చాలని పేచీ పెడుతోంది. పెద్ద సిస్టరుకి కడుపు రగిలిపోతోంది.

మరి ఇరవై రెండేళ్ల సర్వీసు ఆవిడది. పైగా చిన్నప్పుడు వేడినీళ్లు మీద పడి ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆ మచ్చ చూపించి, "నేనూ పడ్డదాన్నే, ఓర్చుకో" అంటే ఎంతటి రోగి అయినా నోరు మూసుకునేవాడు. వచ్చే నెల తెరిచే పిల్లల వార్డుకి ఇన్‌చార్జి తానేనని ఎప్పుడో ఖాయం చేసేసుకుంది. తీరా పెద్ద డాక్టరు, రోగులు ఎవరిని అడుగుతున్నారో చూసి చెబుతానన్నాడు. ఎవరిని అడుగుతున్నారో వార్డు గోడలకి కూడా తెలుసు.

ఆ కొత్త పిల్లకి పెద్ద సిస్టరు థర్మామీటరు అని పేరు పెట్టింది. గాయం కడిగే నీళ్లు అందరూ మణికట్టు మీద రెండు చుక్కలు పోసుకుని చూస్తారు. ఈ మహాతల్లి మాత్రం థర్మామీటరు ముంచుతుంది. డ్యూటీ దిగేముందు అద్దం ముందు నిలబడి చేతులూ మెడా తిప్పి తిప్పి చూసుకుంటుంది. సోకులకేం తక్కువ లేదు అనుకునేది పెద్ద సిస్టరు.

కట్టు విప్పే ముందు ప్రశ్నలొకటి. మంటగా ఉందా, పోటుగా ఉందా, ఇక్కడ ముట్టుకుంటే ఎంత, అక్కడైతే ఎంత. చెప్పేదాకా ఆగేది. చెప్పింది చెప్పినట్టు నమ్మేది. ఒక్కో కట్టుకి అరగంట పట్టేది.

ఆవిరికి చెయ్యి కాలిన లాండ్రీ ఆవిడ ఒకరోజు పెద్ద సిస్టరు మొహం మీదే అనేసింది.

"ఆ పిల్ల ఎన్ని బాధలు పడిందో పాపం. పడనివాళ్లకి ఇంత తెలీదు సిస్టరమ్మా."

పుండు మీద కారం చల్లినట్టయింది. తనకంటే ఎక్కువ పడిందా అది? తన మచ్చని మించిన మచ్చ దాని ఒంటి మీద ఎక్కడుంది? ఎదుటి మనిషి పడ్డ బాధకి కూడా ఏడుస్తున్నానని తెలిసి ఆవిడకి సిగ్గేసింది. సిగ్గేసినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు డ్రెస్సింగు గదిలో ఇద్దరే ఉన్నారు. కొత్త సిస్టరు అప్పుడే స్టెరిలైజరు మూత తీసింది. పెద్ద సిస్టరు తలుపు దగ్గరగా వేసింది.

"దాచకుండా చెప్పు. ఏం జరిగింది నీకు?"

ఆ పిల్ల ఉలిక్కిపడి చూసింది. మాటల్లో పడి లోపలి స్టీలు ట్రే తీసి రెండు చేతులా పట్టుకుంది.

"నాకేం జరగలేదక్కా."

"ఎంత నొప్పి పడితే ఇంత తెలిసింది? నాకంటే ఎక్కువ పడ్డావా?"

ఆ పిల్ల ట్రే పట్టుకునే ఆవిడ వైపు తిరిగింది. పెద్ద సిస్టరు చూపు కిందకి జారింది. ట్రే పొగలు కక్కుతోంది. మందపాటి గ్లవ్స్ బల్ల మీదే ఉన్నాయి.

ఒక్క దూకులో వెళ్లి ట్రే కిందకి తోసేసింది. రెండు చేతులూ పట్టి లాక్కెళ్లి కుళాయి కింద పెట్టింది. వేళ్లన్నీ బొబ్బలెక్కాయి. చూస్తుంటే ఆవిడ కళ్లలోనే నీళ్లు తిరిగాయి.

కొత్త సిస్టరు తన వేళ్లకేసి కాసేపు చూసుకుంది. తర్వాత ఆవిడ ఎడమ చేతి మచ్చకేసి చూసింది.

"నాకు పుట్టుకతోనే నొప్పి తెలియదక్కా, మీ చెయ్యి కాలినప్పుడు ఎలా అనిపించిందో ఒక్కసారి చెప్తారా?"