కదలని దుప్పటి

నిద్రలో పాప ఊపిరి ఆగిపోతుందేమోనన్నదే నాకున్న పెద్ద భయం. ఆ భయంతో నిద్రపట్టక, రాత్రుళ్ళు ఫోటోలు తీయడం నేర్చుకుంటున్నాను. నేను ఊడ్చే ఫోటో స్టూడియోలో ఒక పాత కెమెరా, నిద్రపోయే పిల్లల్ని తీసిన ఒక పెద్దాయన పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. ఎనిమిదో తరగతితోనే చదువు ఆగినా, బొమ్మలు చూసి నేర్చుకోవడానికి ఆ ఇంగ్లీషు అక్షరాలతో పనేముంది?

ఒకే దీపం పెట్టి, కెమెరా కన్ను ముప్పై సెకన్లు తెరిచి ఉంచడమే ఆయన పద్ధతి. పిల్లల గుండెల మీది దుప్పటి ముడతలు కూడా గీత గీసినట్టు ఉంటాయి. నెల రోజులుగా పాపని అలాగే తీస్తున్నాను. నాకు మాత్రం ఆ చోటు ప్రతిసారీ మసకే.

నిన్న అత్తమ్మకి చూపిస్తే పకపకా నవ్వింది.

"పిచ్చి మొహమా! పిల్ల ఊపిరి పీలుస్తుంటే దుప్పటి కదలదూ? కదిలితే మసకే కదుటే!"

"మరి ఆయన ఫోటోల్లో కదల్లేదేంటి అత్తమ్మా?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. పుస్తకం మూసేసి, "పొద్దున్నే తిరిగిచ్చెయ్" అంది.

నేను ఇవ్వలేదు. ఈ రోజు అత్తమ్మ మా ఆడపడుచు ఇంటికి వెళ్ళింది. ఆఖరిసారి అనుకుని ఇందాక ఒకటి తీసి, వంటగదిలోకి వచ్చి కెమెరా తెర మీద చూశాను.

ముడతలన్నీ గీత గీసినట్టు ఉన్నాయి. అచ్చం ఆయన తీసినట్టే.

గడియారం తప్ప ఇంట్లో ఏ చప్పుడూ లేదు. పాప గది నాలుగడుగుల దూరమే, కానీ కాళ్ళు రావడం లేదు. మీకు దణ్ణం పెడతాను, ఎవరైనా ఒక్కసారి లోపలికి వెళ్ళి, పాప గుండెల మీద చెయ్యి వేసి చూడండి.