రెక్క మీద దారాలు

భీమిలి నుంచి అరకుకి చేపలు మోసే గాలిబండి అసిరయ్యది. దాని వాలు రెక్కల నిండా సన్నని రంధ్రాలు. గాలి రెక్కను వదిలిపోకుండా, ఎక్కడ ఎంత ఊదాలో బండే చూసుకుని వాటిలోంచి ఊదుతుంటుంది. అతని భార్య పైడితల్లికి మాత్రం ఆ రెక్క మీద నమ్మకం లేదు. రోజూ బయల్దేరేముందు దానిమీద ఊలుదారాలు అంటించి, దారిపొడుగునా కిటికీలోంచి చూస్తుంది. దారం పడుకుంటే గాలి అంటుకుని ఉన్నట్టు, కొట్టుకుంటే విడిపోయినట్టు. విడిపోతే బండి కూలుతుంది.

"ఏడాదిగా ఒక్కటీ కదల్నేదు. ఇంకా ఏటే నీ అనుమానం?" అన్నాడు అసిరయ్య.

"అదేనయ్యా నా అనుమానం."

ఇవాళ ఎవరికీ చెప్పకుండా ఒక ఎర్రదారం కొత్తచోట అంటించింది. కొండ ఎక్కుతుంటే పాతవన్నీ బుద్ధిగా పడుకున్నాయి. ఎర్రది గిలగిలా కొట్టుకుంటోంది.

"బేగి దించయ్యా బండి," అంది పైడితల్లి గొంతు తగ్గించి. "నాను రోజూ సూసే కాడే ఊదతంది ఇది."

ఆ మాట అంటూండగానే ఎర్రదారం కూడా బుద్ధిగా పడుకుంది.